32 కోర్లున్నా సర్వర్ మూలుగుతోందేం?

ప్రశ్న: మా ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో 32 కోర్లు, 128 జీబీ ర్యామ్ ఉన్న లినక్స్ సర్వర్‌ని ఆరుగురం వాడుకుంటున్నాం. ఒక్కరమే ఉంటే 2 గంటల్లో తేలిపోయే పైథాన్ జాబ్, ఇంకొకరు తోడైతే రాత్రంతా నడుస్తోంది. మనిషికి 5 కోర్లు పంచేసుకుంటే సరిపోతుందా?

జవాబు: వద్దు. అలా పంచుకుంటే మిగతా ఐదుగురూ నిద్రపోతున్నప్పుడు కూడా మీకు దక్కేవి ఐదే.

ముందు టాప్ కమాండ్ నడిపి, పై వరుసలో లోడ్ యావరేజ్ (నడుస్తున్నవీ, వరసలో కాచుకున్నవీ కలిపి పనుల సగటు సంఖ్య) చూడండి. 32 చుట్టుపక్కల ఉంటే ఫర్వాలేదు. వందల్లో ఉంటే పెద్ద 'హెచ్' నొక్కండి, థ్రెడ్లన్నీ (ఒక ప్రోగ్రామ్‌లో సమాంతరంగా నడిచే పనులు) విడివిడిగా కనిపిస్తాయి. మీ స్క్రిప్టు 32 ప్రాసెస్‌లు పుట్టిస్తే, ఒక్కోదానిలో నమ్‌పై (పైథాన్ లెక్కల లైబ్రరీ) వాడే ఓపెన్‌బ్లాస్ అనే మ్యాట్రిక్స్ లెక్కల లైబ్రరీ మళ్లీ 32 థ్రెడ్లు తెరుస్తుంది. వెరసి 1,024. పని ముగించిన థ్రెడ్ తోటివాటి కోసం కోర్ మీదే గిరగిరా తిరుగుతూ కాచుకుంటుంది. పని మిగిలిన థ్రెడ్‌కేమో కోర్ దొరకదు. ఇద్దరు చేరితే సమయం రెట్టింపుతో ఆగకపోవడానికి కారణం ఇదే.

థ్రెడ్ల సంఖ్యని నిర్ణయించే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఓఎంపీ_నమ్_థ్రెడ్స్‌ని 1 చేసి స్క్రిప్టు నడపండి. స్క్రిప్టులోనే రాస్తే నమ్‌పై ఇంపోర్ట్ లైనుకు పైన ఉండాలి. కింద రాస్తే రాయనట్టే.

ఇక పంపకానికి, లినక్స్‌లో సర్వీసుల్ని నడిపించే సిస్టమ్‌డీలో సీపీయూ వెయిట్ ఉంది. మామూలుగా అందరికీ 100. థీసిస్ గడువు ముంచుకొచ్చినవాళ్ల యూజర్ స్లైస్‌కి (ఒక యూజర్ ప్రాసెస్‌లన్నీ ఉండే గుంపు) అడ్మిన్ 'సిస్టమ్‌సీటీఎల్ సెట్-ప్రాపర్టీ'తో 300 ఇస్తే, పోటీ ఉన్నప్పుడు మిగతావాళ్లకన్నా మూడు రెట్లు వాటా వస్తుంది. పోటీ లేనప్పుడు ఎవరైనా 32 కోర్లూ వాడుకోవచ్చు. నడుస్తున్న జాబ్‌ని ఆపక్కర్లేదు కూడా. దీన్ని సీపీయూ కోటాతో కలిపేసుకోకండి. కోటా 500% అంటే మీరడిగిన ఐదు కోర్ల పంపకమే, సర్వర్ ఖాళీగా ఉన్నా గీత దాటనివ్వదు. నైస్ 19 (జాబ్‌కి అన్నిటికన్నా తక్కువ ప్రాధాన్యం) పెట్టడం మర్యాదే గానీ, యూజర్లు వేర్వేరు స్లైసుల్లో ఉన్నప్పుడు అది మీ సొంత జాబుల మధ్య వరస మారుస్తుందంతే.

ర్యామ్‌కి మాత్రం గట్టి గీత గీయాల్సిందే. కోర్‌ని మిల్లీసెకన్లలో లాక్కుని ఇంకొకరికివ్వచ్చు, నిండిన మెమరీని అలా లాక్కోలేం. మనిషికి మెమరీ మ్యాక్స్ 20 జీబీ పెడితే సిస్టమ్‌కి 8 మిగులుతుంది. గీత దాటినవాళ్ల ప్రాసెస్సే చస్తుంది, పక్కవాళ్లది కాదు.

ప్రశ్న: క్లస్టర్‌లో జాబులకి కోర్లు కేటాయించే స్లర్మ్‌లో 4 కోర్లే అడిగాను. అయినా పైథాన్ 32 ప్రాసెస్‌లు లేపుతోంది. ఎందుకు?

జవాబు: పైథాన్‌లోని సీపీయూ_కౌంట్ ఫంక్షన్ మెషీన్ మొత్తాన్ని లెక్కపెడుతుంది, మీ వాటాని కాదు. ప్రాసెస్‌ల్ని పుట్టించే పూల్‌కి సంఖ్య ఇవ్వకపోతే పైథాన్ 3.12 వరకూ ఆ లెక్కే తీసుకుంటుంది. మీ ప్రాసెస్ వాడుకోగల కోర్ల జాబితా ఇచ్చే షెడ్_గెట్‌అఫినిటీని పిలిచి, ఆ జాబితా పొడవు వాడండి, 4 వస్తుంది. 32 వచ్చిందంటే మీ క్లస్టర్‌లో కన్‌స్ట్రెయిన్ కోర్స్ (జాబ్‌ని దాని కోర్లకే కట్టేసే స్లర్మ్ సెట్టింగ్) ఆన్‌లో లేదేమో, అడ్మిన్‌ని అడగండి.