స్విట్జర్లాండ్ కడుపులో జర్మనీ ఊరు

ప్రశ్న: మ్యాప్ చూస్తుంటే స్విట్జర్లాండ్ లోపల చిన్న ముక్క జర్మనీదని కనిపించింది. ప్రింటింగ్ తప్పా అండీ?

జవాబు: తప్పేం కాదండీ. రైన్ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి పేరు బ్యూసింగెన్, జనాభా సుమారు 1,500. చుట్టూ అన్ని వైపులా స్విట్జర్లాండే, కానీ ఊరు మాత్రం జర్మనీది.

దీనికి మూలం ఒక ఇంటి గొడవ! అప్పట్లో ఊరు ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది. 1693లో ఊరి ప్రభువు ఎబర్హార్డ్ ఇమ్ థుర్న్‌ను మతం తగాదాలో సొంత బంధువులే ఎత్తుకెళ్లి పక్కనున్న స్విస్ నగరం షాఫ్‌హౌసెన్‌కు అప్పగించారు, వాళ్లేమో జైల్లో పడేశారు. ఆస్ట్రియాకు ఒళ్లు మండింది. చుట్టుపక్కల ఊళ్ల మీది హక్కులు 1770లో జూరిచ్‌కు అమ్మేసినా, దీన్ని మాత్రం పంతం పట్టి వదల్లేదు. తర్వాత చేతులు మారి జర్మనీకి చేరింది.

1919లో ఓటింగ్ పెడితే 96 శాతం మంది స్విట్జర్లాండ్‌లో కలుస్తామన్నారు. బదులుగా ఇవ్వడానికి స్విస్ వాళ్ల దగ్గర సరైన భూమి లేక అదీ కుదరలేదు.

చివరికి 1967లో అమల్లోకొచ్చిన ఒప్పందంతో ఊరు స్విస్ కస్టమ్స్ పరిధిలోకి వచ్చింది. కొట్లో స్విస్ ఫ్రాంకులే ఎక్కువగా నడుస్తాయి. ఉత్తరం రాయాలంటే రెండు పిన్‌కోడ్‌లు, జర్మనీది 78266, స్విస్‌ది 8238, ఏది రాసినా చేరుతుంది. కార్ల నంబర్ ప్లేట్ మీద ‘బ్యూస్’ అని ఈ ఊరికే ప్రత్యేకం. ఇక్కడి ఫుట్‌బాల్ జట్టు కూడా స్విస్ లీగ్‌లోనే ఆడుతుంది.