గోడౌన్ అద్దె మిగులుతుంది సరే, షెడ్డు ఎవరి స్థలంలో?

ప్రశ్న: మాది తణుకు. టెంట్ హౌస్ నడుపుతున్నాం. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు పెట్టుకునే గోడౌన్‌కి నెలకు రూ.4,500 అద్దె కడుతున్నాం. మా పెరట్లో 16 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున రేకుల షెడ్డు వేయడానికి వెల్డరు చదరపు అడుగుకు రూ.850 చొప్పున రూ.2,72,000 చెప్పాడు. మావారు 14 శాతానికి పర్సనల్ లోన్ తీసుకుందామంటున్నారు. చేతిలో 80 వేలున్నాయి. బాబు ఇంజినీరింగ్ కోసం 7 శాతం వడ్డీకి వేసిన 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. బాబు ఇప్పుడు పదో తరగతి. ఇల్లు మా మామగారి పేరు మీద ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: ఇల్లు మామగారి పేరు మీద ఉందని చివర్లో ఒక్క ముక్కలో చెప్పారు. నాకైతే అన్నిటికంటే పెద్ద విషయం అదే. రేపు పంపకాలు జరిగి పెరడు మీ మరిది వాటాకు వెళితే, మీరు కట్టిన ఇటుక గోడ కూడా స్థలంతోపాటే పోతుంది. అందుకే గోడలు కట్టొద్దు. చుట్టూ రేకులే వేయించండి. స్తంభాలను కాంక్రీటులో పాతకుండా బేస్ ప్లేట్ల మీద నట్టుబోల్టులతో బిగించమనండి. అవసరమైతే విప్పి ఇంకోచోట వేసుకోవచ్చు, అమ్మినా ఇనుము కిలోల లెక్కన పోతుంది. మామగారితో, మరిదితో ముందే మాట్లాడి, షెడ్డు మీ సొంత ఖర్చుతో వేసుకున్నదని ఒక కాగితం రాయించుకోండి. ఇది మొహమాటపడే విషయం కాదు.

ఇక సైజు. కొలతలు తీసే ముందు గోడౌన్లో సామాను ఒకసారి దించి చూడండి. కాళ్లు విరిగిన కుర్చీలు, అద్దెకు పోని పాత కార్పెట్లు, సొట్టలు పడ్డ డేగిసాలు ప్రతి టెంట్ హౌస్‌లోనూ ఉంటాయి. వాటికి కూడా చదరపు అడుగుకు 850 పెట్టడం దేనికి? అమ్మేయండి. కుర్చీలు ఒకదానిలో ఒకటి దూరతాయి కాబట్టి మీకు కావలసింది ఎత్తు. 12 అడుగుల వెడల్పుతో సరిపెట్టుకుని, పైన ఇనుప అటక వేయించండి. షెడ్డు 2,04,000 అవుతుంది. వెల్డరు లెక్కలో మెరక, గచ్చు ఉండవు, అటక కూడా ఉండకపోవచ్చు. మీ ప్రాంతంలో మెరక తప్పదు. వాటికి ఇంకో 36 వేలు వేసుకుంటే మొత్తం 2.4 లక్షలు. షామియానా గుడ్డలు మాత్రం గచ్చు మీద పెట్టకండి. చెమ్మకు బూజు పడితే ఆ మచ్చలు పోవు.

పర్సనల్ లోన్ వద్దు. 2,72,000కు మూడేళ్ల ఈఎంఐ దాదాపు 9,300. వడ్డీయే 62 వేలు దాటుతుంది. పైగా మీ ఆదాయం ముహూర్తాలను బట్టి వస్తుంది. ఆషాఢం, మూఢం వస్తే బేరాలుండవు, ఈఎంఐ మాత్రం ఆగదు. ఆ టెన్షన్ మీకెందుకు?

ఎఫ్‌డీని తెంచకుండా దానిమీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి. అంటే ఎఫ్‌డీని హామీగా పెట్టుకుని బ్యాంకు ఇచ్చే అప్పు ఖాతా, వాడుకున్నంతకే వడ్డీ. సాధారణంగా డిపాజిట్‌లో 90 శాతం దాకా ఇస్తారు, ఎఫ్‌డీ వడ్డీకి 1 శాతం అదనంగా తీసుకుంటారు. చేతిలోంచి 60 వేలు వేసి, 1.8 లక్షలు వాడండి. 8 శాతం అనుకుంటే మొదట్లో వడ్డీ నెలకు 1,200. తర్వాత మీరు కట్టేకొద్దీ తగ్గుతుంది. మాఘం, వైశాఖం, శ్రావణం సీజన్లలో వచ్చిన డబ్బును వచ్చినట్టే అందులో వేయండి. బాబు ఇంటర్ అయ్యేసరికి ఈ ఖాతా సున్నా కావాలి, లేదంటే బ్యాంకు ఆ బాకీని ఫీజు డబ్బులోంచే కోసుకుంటుంది. రెండేళ్లలో మిగిలే అద్దె 1,08,000. వడ్డీతో కలిపి ఇంకో 87 వేల దాకా సీజన్ల ఆదాయంలోంచి రావాలి. అంత రాదనిపిస్తే, ఈ ఏడాది షెడ్డు మాట ఎత్తకండి.

వార్డు సచివాలయంలో అనుమతి సంగతి అడగండి. వ్యాపార సామాను పెడితే ఇంటి పన్ను మారుతుందా, కరెంటు మీటరు మార్చాలా అన్నది కూడా అప్పుడే కనుక్కోండి. సామానుకు బీమా ఉంటే, పాలసీలో కొత్త చిరునామా ఎక్కించండి.

పనికి పుష్యం మంచి అదను. పెళ్లిళ్లుండవు, నేల ఆరి ఉంటుంది. శూన్యమాసంలో పనేమిటని అత్తగారు అంటే మార్గశిరంలోనే మెరక తోలించి మొదలెట్టేయండి. గోడౌన్ యజమాని దగ్గర మీ అడ్వాన్సు ఏమైనా ఉంటే, చివరి నెలల అద్దెలో తగ్గించుకోమని ఇప్పుడే చెప్పండి.