హనోయ్‌లో రోడ్డు దాటేదెలా? వీధుల్లో అమ్మేవాళ్ళు మోసం చేస్తారా?

అమ్మానాన్నలతో వియత్నాం రాజధాని హనోయ్‌కి వెళ్తున్నామని, ఈ రెండిటికే భయపడుతున్నామని ఒకరు అడిగారు. రోడ్డు సంగతి తేలిక. ఒకే వేగంతో నడుస్తూ పోవడమే. బైకువాళ్ళు మీ నడకను చూసి ముందునుంచో వెనకనుంచో తప్పుకుంటారు. మధ్యలో టక్కున ఆగినా, పరిగెత్తినా, ఒక్కడుగు వెనక్కి వేసినా వాళ్ళ అంచనా తప్పుతుంది, దెబ్బలు తగిలేది అప్పుడే. కార్లు, బస్సులు మాత్రం తప్పుకోవు. అవి పోయాకే దిగండి. కోఠిలో రోడ్డు దాటినవాళ్ళకి ఇదేం లెక్కలోది కాదు.

ఇక అమ్మేవాళ్ళు. ఓల్డ్ క్వార్టర్‌లో, అంటే అక్కడి పాతబస్తీలో, శంకు టోపీ పెట్టుకుని కావడిలో పళ్ళు మోసే ఆడవాళ్ళు కనిపిస్తారు. కొందరు నవ్వుతూ వచ్చి కావడి మీ భుజం మీద పెట్టేస్తారు. ఫొటో దిగారా, అయిపోయింది. నాలుగు అరటిపళ్ళు సంచిలో వేసి నోటికొచ్చిన రేటు చెప్తారు. కావడి భుజానికి తగలకముందే పక్కకి జరగండి. బూట్లు బాగుచేసేవాడు ఇంకా చురుకు. అట్ట ఊడిందని వేలు చూపిస్తూనే జిగురు పిండేస్తాడు. కాలు లాక్కుని నడవండి. బూటు విప్పి ఇచ్చారంటే కుట్లు మొదలవుతాయి, కుట్టుకింతని డబ్బు అడుగుతాడు.

ఇలాంటివాళ్ళు బహుకొద్దిమంది. అసలు నష్టం మన చేతులతోనే జరుగుతుంది. అక్కడి డబ్బు డాంగ్. 20,000 డాంగ్‌ల నోటూ నీలమే, 5,00,000 నోటూ నీలమే, రెండిటి మీదా హోచిమిన్ బొమ్మే. తేడా 25 రెట్లు! పెద్ద నోట్లు వేరే జేబులో పెట్టుకోండి, రాత్రిపూట సున్నాలు లెక్కపెట్టి ఇవ్వండి.

పేవ్‌మెంట్ మీద ఐస్ టీ అమ్మే ముసలమ్మల దగ్గర మాత్రం తప్పక కూర్చోండి. జానెడెత్తు ప్లాస్టిక్ పీటలు, ఒక కెటిల్, పల్లీపట్టీల సీసా, అంతే కొట్టు. పోలీసు బండి వస్తోందంటే నిమిషంలో అంతా మడిచి సందులోకి లాగేస్తారు. మీరూ గ్లాసు పట్టుకుని లేచి నిలబడండి, బండి వెళ్ళగానే పీట మళ్ళీ వస్తుంది. ఆ టీ దగ్గర కూడా బేరమాడే మన గ్రూపు టూర్లవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది.

అమ్మానాన్నలు శాకాహారులైతే 'కమ్ చాయ్' (Cơm chay, అంటే శాకాహార భోజనం) అని బోర్డున్న హోటళ్ళకే వెళ్ళండి. మామూలు కొట్లలో ఆకుకూర వేపుడులోనూ చేపల సాస్ పడుతుంది. అమావాస్య, పున్నమి రోజుల్లో అక్కడివాళ్ళూ చాలామంది మాంసం మానేస్తారు కాబట్టి ఆ హోటళ్ళు కిటకిటలాడతాయి, కాస్త ముందే వెళ్ళండి.