‘అక్కడ మావారిని ఏం చేస్తారు?’

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లాలో ఒక మండల కేంద్రం. మావారికి 43 ఏళ్లు, ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం నడుపుతారు. పన్నెండేళ్లుగా తాగుతున్నారు. రెండేళ్ల నుంచి పొద్దున లేవగానే కొంచెం పడకపోతే చేతులు వణికి చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేకపోతున్నారు. మూడేళ్ల క్రితం అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టలేదు, మాల తీసిన నాలుగో రోజే మళ్లీ మొదలుపెట్టారు. పోయిన ఏడాది మళ్లీ వేసుకుంటే రెండో రోజే ఫిట్స్ వచ్చి పడిపోయారు. దీక్షలో ఏదో దోషం జరిగిందని అందరూ అన్నారు. ‘మానాలనే ఉంది, నా వల్ల కావట్లేదు’ అని ఈ మధ్య నాతో ఒకసారి అన్నారు. మా అన్నయ్య డీ-అడిక్షన్ సెంటర్లో చేర్పిద్దామంటున్నాడు. ఫోన్ చేస్తే రాత్రికి నలుగురు మనుషులు కారులో వచ్చి తీసుకెళ్తారట, మూడు నెలలు ఫోను కూడా ఉండదట. అక్కడ కొడతారని కొందరు, మనిషి పూర్తిగా మారిపోయి వస్తాడని కొందరు చెబుతున్నారు. అక్కడ మావారిని ఏం చేస్తారు? ఎన్నాళ్లు ఉంచాలి? వచ్చాక మళ్లీ తాగరా? పదో తరగతి చదివే మా అమ్మాయికి ఏం చెప్పాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నేను ముందుగా ఆగిపోయింది ఆ ఫిట్స్ మాట దగ్గర. అది దీక్షా దోషం కాదు, ఎవరి తప్పూ కాదు. ఏళ్ల తరబడి రోజూ మద్యం పడుతున్న మెదడు ఆ మత్తును తట్టుకుని పనిచేయడానికి తనను తాను ఎప్పుడూ ఉద్రేక స్థితిలో ఉంచుకోవడం అలవాటు చేసుకుంటుంది. మద్యం ఒక్కసారిగా ఆగిపోతే ఆ ఉద్రేకానికి పగ్గం లేకుండా పోతుంది. ఆరేడు గంటల్లోనే వణుకు, చెమటలు, గుండెదడ, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేవారికి ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. కొందరికి రెండు రోజులు దాటాక, మూడు నాలుగు రోజుల నాటికి, తానెక్కడున్నాడో తెలియని మతిభ్రమ కలుగుతుంది, గోడ మీద పురుగులు పాకుతున్నట్టు కనిపిస్తుంది, లేనివాళ్లతో మాట్లాడతారు. దానికి వైద్యం అందకపోతే ప్రాణం పోయే ప్రమాదం ఉంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కల్లు దుకాణాలు, వైన్ షాపులు ఒకేసారి మూతబడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటి బాధలతోనే జనం వరుస కట్టారు.

అందువల్ల మీకు వినడానికి కష్టంగా ఉన్నా ఒక మాట చెప్పక తప్పదు. డాక్టరు చేతికి అప్పగించే రోజు వరకు మీవారి చేత ఇంట్లో ఒక్కసారిగా మాన్పించే ప్రయత్నం చేయకండి. సీసాలు దాచి, గదిలో పెట్టి తాళం వేయడం ఆయన విషయంలో చాలా ప్రమాదకరం, ఎందుకంటే మానినప్పుడు ఒకసారి ఫిట్స్ వచ్చినవారికి మళ్లీ మానినప్పుడు అవి వచ్చే అవకాశం మిగతావారికంటే ఎక్కువ. ఈలోగా ఫిట్స్ గానీ మతిభ్రమ గానీ కనిపిస్తే వెంటనే 108కు ఫోన్ చేయండి. ఆయనను చేర్చే చోటు ఏదైనా, మొదటి వారం మాత్రం సైకియాట్రిస్టు ఉండి, రాత్రి రెండు గంటలకు పిలిచినా నర్సు పలికే చోటే కావాలి.

ఇక అక్కడ ఏం చేస్తారో చెబుతాను. చేరిన రోజు డాక్టరు మిమ్మల్ని, మీవారు ఎంత తాగుతారు, చివరిసారి ఎప్పుడు తాగారు, ఇంకేమైనా మత్తు పదార్థాలు వాడతారా అని అడుగుతారు. రక్తం తీసి కాలేయం, షుగరు, లవణాలు ఎలా ఉన్నాయో చూస్తారు. సంచి వెతికి సెంటు సీసా, శానిటైజరు, దగ్గు మందు లాంటివి తీసి మీకు తిరిగి ఇచ్చేస్తారు. అది అవమానించడానికి కాదు, వాటిలో ఆల్కహాలు ఉంటుంది కాబట్టి. ఆ తర్వాత వణుకును, ఫిట్స్‌ను ఆపడానికి డయాజెపామ్ జాతి మాత్రలు కొలత ప్రకారం మొదలుపెట్టి, రోజురోజుకూ తగ్గిస్తూ సాధారణంగా వారం లోపల ఆపేస్తారు. మత్తు మాన్పించడానికి మళ్లీ మత్తు మాత్రలేమిటని చాలామంది గొడవపడతారు గానీ, మేడ మీద నుంచి ఒక్కసారిగా దూకకుండా మెట్ల మీదుగా దింపడం లాంటిది అది. బీ1 విటమిన్ ఇంజెక్షన్లు కూడా తప్పకుండా ఇస్తారు. అది లోపిస్తే నడక తూలిపోవడం, జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినడం జరుగుతుంది. తాగేవారిలో ఆ లోపం చాలా సాధారణం.

ఆ మొదటి వారంలో మీవారిని చూస్తే మీకు భయం వేయవచ్చు. రెండో రోజు పొద్దున టీ ఇస్తే గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, నోటి దగ్గరికి తెచ్చేలోపు సగం టీ లుంగీ మీద ఒలికించుకుని, ఎవరైనా చూశారేమోనని తల తిప్పుకున్న మనుషులను నేను చాలామందిని చూశాను. ఆరో రోజుకో ఏడో రోజుకో అదే మనిషి మంచం మీద కూర్చుని, తన చొక్కా గుండీలు తానే పెట్టుకుంటూ, ఒక్కొక్క గుండీ దగ్గర ఆగి వేళ్లకేసి చూసుకుంటాడు. ఆ రోజున భార్యల ముఖాలు ఎలా వెలుగుతాయో కూడా నాకు తెలుసు. సరిగ్గా ఆ రోజే చాలా కుటుంబాలు పొరపాటు చేస్తాయి. మనిషి బాగయ్యాడు, దుకాణం మూతబడి ఉంది, బిల్లు పెరుగుతోంది, ఇంటికి తీసుకుపోదామంటారు. కానీ ఆ వారం రోజుల్లో జరిగింది ఒంట్లోని మద్యాన్ని ప్రమాదం లేకుండా దింపడం మాత్రమే. అసలు చికిత్స అప్పుడే మొదలవుతుంది.

దీనిని మీకు మాల సంగతితోనే చెప్పవచ్చు. దీక్షను నేను తక్కువ చేయను. తెల్లవారుజామున చన్నీటి స్నానం, రెండు పూటలా పూజ, పదిమంది స్వాముల తోడు, ఊరంతా పేరు పెట్టి పిలవడం మాని ‘స్వామీ’ అని గౌరవించడం, ఎవరూ గ్లాసు చేతికి ఇవ్వకపోవడం, ఇవన్నీ ఉన్నాయి కాబట్టే మీవారు మొదటిసారి ఆ 41 రోజులూ నిలబడగలిగారు. మంచి చికిత్సా కేంద్రం ఇచ్చేవి కూడా దాదాపు ఇవే: వేళకు లేవడం, తోడు, గౌరవం. అయితే మాల తీసేశాక, నలభై రెండో రోజు సాయంత్రం దుకాణం మూసి, గల్లాపెట్టెలోని డబ్బు జేబులో పెట్టుకుని, వైన్ షాపు మీదుగా ఇంటికి నడవవలసి వచ్చినప్పుడు ఏం చేయాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. కేంద్రంలో మిగతా వారాలన్నీ నేర్పేది అదే. పొద్దున వ్యాయామమో యోగానో ఉంటుంది, ఆ తర్వాత పదీ పదిహేనుమంది కలిసి కూర్చుని ఎవరి సంగతి వారు చెప్పుకుంటారు, కౌన్సెలర్ విడిగా మాట్లాడతారు. ఏ వేళకు, ఎవరిని చూసినప్పుడు, ఏ కోపం వచ్చినప్పుడు తాగాలనిపిస్తుందో రాయిస్తారు. తాగాలన్న తహతహ ఎంత తీవ్రంగా వచ్చినా అరగంటలో చాలావరకు తగ్గిపోతుందని, ఆ అరగంట ఎలా గడపాలో ముందే అనుకుని ఉంచుకోవాలని నేర్పుతారు. తహతహ తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులు కూడా ఉన్నాయి. కాలేయం, మూత్రపిండాల స్థితిని చూసి వాటిలో ఏది సరిపోతుందో డాక్టరు నిర్ణయిస్తారు.

రెండో వారంలో మీకు ఫోన్ రావచ్చు. తిండి బాగోలేదు, పక్క మంచం అతను గురక పెడుతున్నాడు, నాకిక్కడ పనేం లేదు, వచ్చి తీసుకుపో, లేకపోతే నీతో మాట్లాడను అంటారు. కొన్ని ఫిర్యాదులు నిజమే కావచ్చు, కాబట్టి కొట్టిపారేయకండి, కౌన్సెలరుకు చెప్పి కనుక్కోండి. కానీ ఆ ఒక్క ఫోన్‌తో కారు మాట్లాడుకుని బయలుదేరవద్దు. ‘డాక్టరుగారితో మాట్లాడి ఆదివారం వస్తాను’ అని చెప్పండి, చెప్పినట్టే ఆదివారం వెళ్లండి. కొందరికి ఈ రోజుల్లోనే తాము చేసిన నష్టమంతా ఒక్కసారిగా గుర్తుకువచ్చి బతకాలని లేదన్న మాట కూడా నోటివెంట వస్తుంది. ఆ మాట వింటే క్షణం ఆలస్యం చేయకుండా వైద్యులకు తెలియజేయండి.

ఎన్నాళ్లన్నది మనిషిని బట్టి ఉంటుంది. ఆసుపత్రుల్లో సాధారణంగా మూడు నాలుగు వారాలు, కొన్ని పునరావాస కేంద్రాల్లో మూడు నెలల దాకా ఉంచుతారు. నా అనుభవంలో ఎన్ని రోజులు ఉన్నారన్నదానికంటే, వచ్చాక ఎన్ని నెలలు క్రమం తప్పకుండా మళ్లీ చూపించుకున్నారన్నదే ఎక్కువ తేడా చూపించింది.

మీ అన్నయ్యగారు చెబుతున్న రాత్రి కారు సంగతికి నేను ఒప్పుకోను. ఆయన మీ మీద ప్రేమతోనే చెబుతున్నారని నాకు తెలుసు, కానీ నిద్రలో ఉన్న తండ్రిని నలుగురు రెక్కలు పట్టి ఈడ్చుకుపోవడం చూసిన పిల్లలతో నేను మాట్లాడాను. ఆ రాత్రి వారిని చాలాకాలం వదలదు. చట్టం కూడా దానికి ఒప్పుకోదు. మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక సమస్యలు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. మనిషి తనంతట తాను సంతకం చేసి చేరవచ్చు, వెళ్లిపోతానని అడిగే హక్కు కూడా ఆయనకు ఉంటుంది, అలా అడిగినప్పుడు అవసరమైతే 24 గంటల వరకు ఆపి పరీక్షించవచ్చు. ఆయన నిర్ణయం తీసుకునే స్థితిలో లేక, ప్రాణాపాయం లాంటి పరిస్థితి ఉన్నప్పుడు, ఆయన తరఫు ప్రతినిధి దరఖాస్తు చేస్తే, ఒక సైకియాట్రిస్టు, మరొక వైద్యుడో మానసిక ఆరోగ్య నిపుణుడో విడివిడిగా పరీక్షించి ఒప్పుకున్నాకే చేర్చుకోవాలి, అది కూడా ముందుగా 30 రోజులకు మించకుండా. గొలుసులతో కట్టడం, బలవంతంగా గుండు గీయడం నిషిద్ధం. ఇంటివారితో ఫోన్‌లో మాట్లాడటం, వచ్చినవారిని కలవడం రోగి హక్కులు. మూడు నెలలు ఫోన్ ఉండదని ముందే చెప్పే చోట, గోడల వెనక ఏం జరుగుతోందో మీకు తెలిసే దారి ఉండదు.

కాబట్టి ముందు మీరే, మీ అన్నయ్యగారిని వెంటబెట్టుకుని వెళ్లి ఆ చోటు చూడండి. ఆఫీసు గది మాత్రమే చూసి రాకండి, పడుకునే గదులు, మరుగుదొడ్లు, వంటిల్లు చూడండి. రిజిస్ట్రేషన్ పత్రం చూపించమనండి, సైకియాట్రిస్టు వారానికి ఎన్నిసార్లు వస్తారో, మీవారికి రాత్రి ఫిట్స్ వస్తే ఏం చేస్తారో అడగండి. నూటికి నూరు శాతం గ్యారంటీ అని చెప్పేవారిని నమ్మవద్దు. అలాగే, తాగేవారికి తెలియకుండా అన్నంలో కలిపి పెట్టండి అంటూ అమ్మే పొడులను, పసరు మందులను ఇంట్లోకి రానివ్వకండి. అలా రహస్యంగా డైసల్ఫిరామ్ లాంటి మందు కలిపిన అన్నం తిని, ఆ పైన మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

ఖర్చు గురించి మీరు రాయలేదు గానీ మీ మనసులో అది ఉండే ఉంటుంది. మీ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగంలో ముందు చూపించండి. అవసరమైతే ఎర్రగడ్డకు పంపిస్తారు. ఆంధ్ర వైపు వారికి విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ సాయంతో నడిచే పునరావాస కేంద్రాలు కూడా ఉన్నాయి. మీకు దగ్గరలో ఏది ఉందో 14446కు ఫోన్ చేసి అడగవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416లో తెలుగులోనే మాట్లాడతారు, మీ బాధ కూడా వారితో చెప్పుకోవచ్చు.

వచ్చాక మళ్లీ తాగరా అని అడిగారు. తాగవచ్చు, అమ్మా. మొదటి కొన్ని నెలల్లో ఒకటి రెండుసార్లు కాలు జారేవారే ఎక్కువ. షుగరు ఉన్నవారు మందులు వాడుతున్నా అప్పుడప్పుడు పెరిగినట్టే దీన్ని చూడాలి. అలా జరిగితే అంతా నాశనమైపోయిందని ఏడ్చి తిట్టడం వల్ల ఆయన ఆ సిగ్గుతోనే రెండో రోజూ తాగుతారు. ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేసి చెప్పడం వల్ల అది ఒక్క రోజుతో ఆగిపోయే అవకాశం ఉంటుంది. ఆయన రాకముందే ఇంట్లో, దుకాణం గోడౌన్‌లో వెతికి సీసాలు తీసేయండి. కొన్ని వారాలపాటు దుకాణం మూసే వేళకు మీరో, మీ అన్నయ్యగారో అక్కడ ఉండి, కలిసి వేరే దారిలో ఇంటికి రండి, ఈ ఏర్పాటు ఆయనతో చెప్పి, ఒప్పించి చేయండి. ప్రతి రాత్రీ నోరు వాసన చూడటం మాత్రం వద్దు, అది ఇద్దరినీ పోలీసును, దొంగను చేస్తుంది. తాగుడు మానినవారు వారం వారం కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు ఆయన వెళ్లడం మేలు. వారి కుటుంబాల కోసం అల్-అనాన్ ఉంది, అది మీకు.

మీ అమ్మాయికి నిజమే చెప్పండి, ఆమెకు చాలావరకు తెలిసే ఉంటుంది. నాన్నకు తాగుడు జబ్బుగా మారింది, వైద్యం కోసం ఆసుపత్రిలో ఉంటారు, నీ వల్ల వచ్చింది కాదు, నాన్నను కాపలా కాయడం నీ పని కాదు, నువ్వు చదువుకో అని చెప్పండి. ఇరుగుపొరుగుకు ఆరోగ్యం బాగాలేక ఆసుపత్రిలో ఉన్నారంటే చాలు, అది అబద్ధం కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైనవారిలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక సహాయం పొందుతున్నారు, ఆసుపత్రిలో చేరి చికిత్స తీసుకున్నవారు 180 మందికి ఒక్కరే. మిగతావారి ఇళ్లలో చాలా చోట్ల అడ్డుపడింది నలుగురూ ఏమనుకుంటారోనన్న భయమే.

మీవారు మీతో అన్న మాట ఉంది కదా, ‘మానాలనే ఉంది, నా వల్ల కావట్లేదు’ అని. రాత్రి కారు అవసరం లేదనడానికి నాకు ఆ మాట చాలు. పొద్దున వణుకు కాస్త తగ్గి మనిషి నిమ్మళంగా ఉన్న వేళ చూసి, మీ అన్నయ్యగారు గానీ బంధువులు గానీ లేకుండా, మీరిద్దరే ఉన్నప్పుడు ఆ మాటను ఆయనకు గుర్తుచేయండి. ‘మీ వల్ల కానిదాన్ని చేయించడానికి డాక్టర్లు ఉన్నారట, ఒక్కసారి చూపించుకుని వద్దాం, నేనూ వస్తాను’ అనండి. ఒప్పుకున్న రోజునే బయలుదేరేలా సంచి ముందే సర్ది ఉంచండి: రెండు లుంగీలు, నాలుగు చొక్కాలు, ఆధార్ కార్డు, పాత రిపోర్టులు, ఆయన వాడే బీపీ, షుగరు మాత్రలేమైనా ఉంటే అవి. ఒక కాగితం మీద రోజుకు ఎంత తాగుతారో, పోయిన ఏడాది ఫిట్స్ ఏ తేదీన, మానిన ఎన్ని గంటలకు వచ్చాయో, ఎంతసేపు ఉన్నాయో మీకు గుర్తున్నంతవరకు రాసి, ఆ కాగితాన్ని సంచిలో అన్నిటికంటే పైన పెట్టండి.