ఈడీయూ లింకుల కోసం ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా?

ప్రశ్న: అమీర్‌పేటలో జీఆర్‌ఈ, ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ నడుపుతున్నాను. అమెరికా యూనివర్సిటీల వెబ్‌సైట్ల నుంచి 25 బ్యాక్‌లింకులు (వాళ్ల పేజీల్లో మన సైట్‌కి దారి చూపే లింకులు) ఇప్పిస్తామని, మూడు నెలల్లో గూగుల్ మొదటి పేజీలోకి తెస్తామని ఒక ఏజెన్సీ 75,000 రూపాయలు అడుగుతోంది. నా దగ్గర లక్షన్నర ఎఫ్‌డీ ఉంది. దాన్ని బ్రేక్ చేయనా, క్రెడిట్ కార్డు ఈఎంఐ పెట్టుకోనా?

జవాబు: రెండూ వద్దండి. డబ్బు ఎక్కడి నుంచి తేవాలో తర్వాత, ముందు కొనే సరుకేంటో చూడండి.

అమెరికా యూనివర్సిటీల వెబ్‌సైట్ పేర్ల చివర డాట్ ఈడీయూ (.edu) ఉంటుంది. ఆ చిరునామా అమెరికాలో గుర్తింపు ఉన్న కాలేజీలకే దొరుకుతుంది, 2001 నుంచి ఎడ్యుకాజ్ అనే సంస్థ వాటిని చూస్తోంది. అంత తేలిగ్గా దొరకదు కాబట్టి అక్కడి నుంచి లింకు వస్తే గూగుల్ సెర్చ్‌లో ర్యాంకు పెరిగిపోతుందన్న నమ్మకం పాతుకుపోయింది. కానీ చివర ఈడీయూ ఉన్నంత మాత్రాన అదనపు విలువేమీ ఇవ్వమని గూగుల్ వాళ్లే చెప్పారు. పైగా ర్యాంకు కోసం లింకులు కొనడం వాళ్ల నిబంధనలకు విరుద్ధం. మొదటి ర్యాంకు గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని కూడా వాళ్లే రాశారు, మొదటి పేజీ అంటూ మీ ఏజెన్సీ ఇస్తున్నదీ అలాంటి గ్యారంటీయే.

2011లో అమెరికాలో ఓవర్‌స్టాక్ అనే పెద్ద ఆన్‌లైన్ దుకాణం ఇదే పని చేసింది. కాలేజీ సైట్లలో తమ లింకు పెడితే విద్యార్థులకు, అధ్యాపకులకు 10 శాతం డిస్కౌంట్ ఇస్తామంది. గూగుల్ పట్టుకుని ర్యాంకులు కిందికి తోసేసింది, మళ్లీ పైకి రావడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. అంత పెద్ద కంపెనీ కాబట్టి తట్టుకుంది, అడ్మిషన్ల సీజన్‌లో మీ సైట్ రెండు నెలలు కనపడకపోతే ఆ ఏడాది అద్దె ఎవరు కడతారు? ఇప్పుడైతే చాలాసార్లు శిక్ష కూడా వేయరు, కొన్న లింకుల్ని లెక్కలోకే తీసుకోరు. అంటే 75,000 పోయిందన్న సంగతి కూడా మీకు తెలియదు.

ఇక లెక్క. ఖర్చులు పోను ఒక్కో విద్యార్థి మీద మీకు 4,000 మిగులుతుందనుకుందాం, అప్పుడు ఈ డబ్బు వెనక్కి రావాలంటేనే కొత్తగా 19 మంది చేరాలి. కార్డు ఈఎంఐ అయితే 15 శాతం వడ్డీకి ఏడాదిలో వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి ఇంకో 7,000 పైనే. ఎఫ్‌డీ సంగతంటారా, 2025లో అమెరికా స్టూడెంట్ వీసా కొత్త అపాయింట్‌మెంట్లు కొన్ని వారాలు ఆపేసినప్పుడు పిల్లలకెంత టెన్షనో మీరు దగ్గర్నుంచి చూసే ఉంటారు. అలాంటి నెలలు మళ్లీ వస్తే సెంటర్‌ని నిలబెట్టేది ఆ లక్షన్నరే. నా మాటగా చెబుతున్నాను, దాన్ని ముట్టుకోకండి.

ఖర్చు పెట్టాలనే ఉంటే నెలకు మూడు నాలుగు వేలు, అదీ వచ్చే ఆదాయంలోంచే పెట్టండి. 2023 సెప్టెంబర్ నుంచి జీఆర్‌ఈ రెండు గంటల లోపే అయిపోతోంది, దానికి తగ్గట్టు ప్రిపరేషన్ ఎలా మార్చుకోవాలో తెలుగులో వివరంగా రాయండి. ఐ-20 (సీటు ఇచ్చిన అమెరికా కాలేజీ వీసా కోసం పంపే పత్రం) వచ్చాక ఏ పని ఎప్పుడు చేయాలి, వీసా ఇంటర్వ్యూకి ముందు 350 డాలర్ల సెవిస్ ఫీజు ఎలా కట్టాలి, ఇవన్నీ పిల్లలు మిమ్మల్ని రోజూ అడిగేవే కదా. చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల ప్లేస్‌మెంట్ ఆఫీసర్లను కలిసి ఉచితంగా ఒక సెషన్ తీసుకోండి. నచ్చితే వాళ్లే తమ సైట్‌లో మీ పేరు, లింకు పెడతారు, లింకు పెట్టాలని షరతు మాత్రం పెట్టకండి. అమీర్‌పేటలో కోచింగ్ వెతికే కుర్రాడికి అమెరికా కాలేజీలోని ఎవరూ తెరవని పేజీ కన్నా తన సొంత కాలేజీ పేజీయే ముందు కనపడుతుంది.

ఏజెన్సీకి ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చి ఉంటే పని మొదలుపెట్టకముందే ఆపమని ఈరోజే మెయిల్ పెట్టి డబ్బు వెనక్కి అడగండి. లింకులు పెట్టేశారంటే ఆ జాబితా తీసుకుని తీసేయించండి, సైట్ యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే టూల్‌లో మీ సైట్ మీద గూగుల్ చర్య ఏదైనా నమోదైందేమో చూసుకోండి, అది ఉచితమే.