ఇంగ్లాండులో యూదుల చారిత్రక స్థలాలు: ముందుగా ఏది చూడాలి?

ప్రశ్న: మాది చేబ్రోలు. పక్కనే ఉన్న కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులను చూసినప్పటి నుంచి వారి మత చరిత్రపై ఆసక్తి కలిగింది. జూన్‌లో మాంచెస్టర్‌లోని మా అమ్మాయి దగ్గరకు వెళుతున్నాను. ఇంగ్లాండులో యూదుల చరిత్రతో ముడిపడిన పాత కట్టడాల్లో తప్పక చూడవలసినవి ఏవి?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: చాలామంది లండన్‌తో మొదలుపెడతారు గానీ, మీరు ముందుగా యార్క్ వెళ్లడమే మంచిదని మా అభిప్రాయం. మాంచెస్టర్ నుంచి నేరుగా రైలు ఉంది. 1190 మార్చిలో అల్లరిమూకకు భయపడి అక్కడి యూదులు రాజుగారి కోటలో తలదాచుకున్నారు. మూకకు చిక్కడం కన్నా చావే మేలనుకొని వారిలో చాలామంది తమ ప్రాణాలు తామే తీసుకోగా, ప్రాణహాని ఉండదన్న మాట నమ్మి బయటికి వచ్చినవారిని ఆ మూక చంపివేసింది. మృతులు దాదాపు 150 మంది. దీనికి మతద్వేషం ఒక్కటే కారణం కాదు. మూకను నడిపించినవారిలో యూదులకు బాకీపడిన పెద్దమనుషులు ఉన్నారు, వారు ఆ తరువాత యార్క్ మిన్‌స్టర్ చర్చికి వెళ్లి అక్కడ దాచిన అప్పు పత్రాలను తగలబెట్టారు. ఆనాటి కొయ్య బురుజు కాలిపోయింది. ఇప్పుడు దిబ్బ మీద కనిపించే క్లిఫర్డ్స్ టవర్ 13వ శతాబ్దంలో రాతితో కట్టినది. దిబ్బ అడుగున 1978లో పెట్టిన స్మారక ఫలకాన్ని చదివిన తరువాతే మెట్లెక్కండి.

ఆ కాలపు ఇల్లు చూడాలంటే లింకన్ వెళ్లాలి. స్టీప్ హిల్ దారిలో 12వ శతాబ్దపు రాతి ఇల్లు, జ్యూస్ హౌస్, నేటికీ నిలిచి ఉంది. దారి నిటారుగా ఉంటుంది కనుక మోకాళ్ల నొప్పులుంటే ముందు పైనున్న కెథీడ్రల్ (ప్రధాన చర్చి) చూసి కిందికి దిగడం నయం. 1255లో ఒక బాలుడి మరణాన్ని యూదులకు అంటగట్టి పలువురిని ఉరితీశారు. అదంతా కట్టుకథేనని ఒప్పుకుంటూ 1955లో పెట్టిన ఫలకం కెథీడ్రల్‌లోనే ఉంది.

1290లో మొదటి ఎడ్వర్డ్ యూదులను దేశం నుంచి వెళ్లగొట్టాడు. 1656లో, అప్పటి పాలకుడు క్రామ్‌వెల్ హయాంలో గానీ వారు మళ్లీ బాహాటంగా నివసించలేకపోయారు. అలా తిరిగివచ్చిన స్పెయిన్, పోర్చుగల్ మూలాల వారు 1701లో కట్టుకున్నదే లండన్‌లోని బెవిస్ మార్క్స్ సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం). బయటినుంచి సాదాసీదాగా ఉన్నా, లోపల వేలాడే ఏడు ఇత్తడి దీపవృక్షాలను తీరిగ్గా చూడవలసిందే. ప్రత్యేక సందర్భాల్లో వాటిలో ఇప్పటికీ కొవ్వొత్తులే వెలిగిస్తారు. శనివారం ప్రార్థనల రోజు కాబట్టి సందర్శకులను అనుమతించరు.

లండన్ వెళ్లడం కుదరకపోయినా చింతలేదు, మీ అమ్మాయి ఉండే ఊళ్లోనే 1874 నాటి సినగాగ్‌లో మాంచెస్టర్ జ్యూయిష్ మ్యూజియం నడుస్తోంది.