పాఠకుల ప్రశ్నలు: మాల్ట్‌లో చక్కెర ఎటు పోతోంది?

ప్రశ్న: అన్నా, టెక్సస్‌లోని ప్లేనో నుంచి రాస్తున్నా. ఇన్నాళ్ళూ ఎక్స్‌ట్రాక్ట్ కిట్లతోనే బీరు చేసుకున్నా, కిట్ మీద ఏ గ్రావిటీ (చక్కెర ఎంత కరిగిందో చెప్పే సాంద్రత, ఉత్త నీళ్ళకి 1.000) రాసుంటే అదే వచ్చేది. మొన్న మొదటిసారి ఆల్ గ్రెయిన్, అంటే ఎక్స్‌ట్రాక్ట్ లేకుండా నేరుగా గింజలతో చేశా. 11 పౌండ్ల మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), మొత్తం 8 గ్యాలన్ల నీళ్ళు, గంట మ్యాష్ (గింజల్ని వేడినీళ్ళలో నానబెట్టడం), గంట బాయిల్. రెసిపీలో 5 గ్యాలన్లు, 1.052 అని ఉంది. నాకు ఫర్మెంటర్‌లో (పులియబెట్టే డబ్బాలో) నాలుగున్నర గ్యాలన్లే పడింది, గ్రావిటీ 1.046. కెటిల్ (మరిగించే గిన్నె) అడుగున మడ్డితో కలిసి ఇంకో 0.7 గ్యాలన్ ఉండిపోయింది. లెక్క వేస్తే ఎఫిషియెన్సీ, అంటే మాల్ట్ చక్కెరలో నాకు దక్కింది, 52 శాతం అంటోంది. ఈసారి మాల్ట్ పెంచేయనా?

జవాబు: అప్పుడే పెంచకు తమ్ముడూ. ఆ 52లో రెండు వేరే వేరే నష్టాలు కలిసిపోయి ఉన్నాయి, ముందు వాటిని విడదీద్దాం.

ఎక్స్‌ట్రాక్ట్ అంటే కంపెనీవాళ్ళు మ్యాష్ చేసి, వడగట్టి, నీళ్ళు ఇగరబెట్టి డబ్బాలో పోసిచ్చింది కదా, గింజల్లో పోవాల్సిందంతా అక్కడే పోయింది, నీ కెటిల్లోకి వచ్చింది వచ్చినట్టు కరిగిపోతుంది. ఇప్పుడు ఆ పనంతా నీ చేతికొచ్చింది, దాంతోపాటు నష్టమూ వచ్చింది.

మామూలు టూ రో (రెండు వరుసల బార్లీ) మాల్ట్ పౌండులో ఉన్న చక్కెరంతా ఒక గ్యాలన్‌లోకి దిగితే 1.036 వస్తుంది, అంటే 36 పాయింట్లు. నీ 11 పౌండ్లకి 396. ఫర్మెంటర్‌లోకి చేరింది 4.5 × 46, అంటే 207, అదే నీ 52 శాతం. కానీ కెటిల్లో ఉండిపోయిన 0.7 గ్యాలన్ కూడా అదే గ్రావిటీ వోర్టే (మ్యాష్‌లోంచి వచ్చిన తీపి నీళ్ళే) కదా, దాన్నీ కలిపితే 5.2 × 46, అంటే 239, అప్పుడు 60 శాతం. అంటే గింజల్లోంచి నువ్వు రాబట్టింది 60, దాంట్లో 8 మడ్డిలో వదిలేశావు. ఆ 8కి మ్యాష్‌తో సంబంధం లేదు, ఎంత మాల్ట్ పోసినా అందులో కొంత మళ్ళీ ఆ మడ్డిలోకే పోతుంది. రెసిపీ రాసినాయన 5 × 52, అంటే 260 పాయింట్లు ఫర్మెంటర్‌లోకి చేరతాయని, దాదాపు 66 శాతం అనుకుని రాశాడు. ఆయన కెటిల్, ఆయన పైపులు వేరు. ఏల్ రకం బీరు చేస్తున్నప్పుడు మడ్డి కాస్త ఫర్మెంటర్‌లో పడినా కొంప మునగదు, అది అక్కడ అడుక్కి దిగిపోతుంది, కాబట్టి ఆ 0.7ని సగానికి తగ్గించడమే అన్నిటికంటే తేలిక అని నా అభిప్రాయం.

ఇక నీళ్ళు. లెక్క ఎప్పుడూ చివరి నుంచి వెనక్కి వెయ్యి. ఫర్మెంటర్‌లో 5 కావాలి, కెటిల్లో 0.7 పోతుంది, చల్లగా 5.7. మరిగే వోర్ట్ చల్లారితే 4 శాతం తగ్గుతుంది, కాబట్టి వేడిగా 6కి కొంచెం తక్కువ. గంటకి గ్యాలన్ ఆవిరైతే బాయిల్ మొదట్లో 7. పౌండు గింజ 0.125 గ్యాలన్ పీల్చుకుంటుంది, 11కి 1.4 దాకా, మ్యాష్ డబ్బా అడుగున ఒక పావు గ్యాలన్. మొత్తం ఎనిమిదిన్నర దాటుతుంది, నువ్వు పోసింది 8, ఆ అర గ్యాలన్ అక్కడే తగ్గింది. ఆవిరయ్యేది మాత్రం ఒక్కో స్టవ్‌కి, ఒక్కో కెటిల్‌కి ఒక్కోలా ఉంటుంది, ఉత్త నీళ్ళు గంట మరిగించి నీది ఎంతో కొలుచుకో.

ఇప్పుడు ఆ 60 సంగతి, అసలు చూడాల్సింది ఇక్కడ. స్పార్జ్ (గింజల మీద వేడినీళ్ళు పోసి మిగిలిన చక్కెర కడిగి తీయడం) చేయకముందు, మ్యాష్‌లోంచి మొదట దిగే వోర్ట్‌ని కొంచెం పట్టి చల్లార్చి గ్రావిటీ చూడు. పౌండుకి ఒకటిన్నర క్వార్ట్ (క్వార్ట్ అంటే పావు గ్యాలన్) నీళ్ళు పోసి ఉంటే, పిండిపదార్థం మొత్తం చక్కెరైతే అది 1.080 దగ్గర ఉండాలి. 1.065 లాంటిది వస్తే గింజ సరిగా పగల్లేదని, లేదా లోపల ఉండలు కట్టిందని, లేదా థర్మామీటర్ తప్పు చూపిస్తోందని. షాపులో మిల్లు వదులుగా పెట్టుకుంటారు చాలామంది, రెండుసార్లు ఆడించమని అడుగు. 1.078 వచ్చి కూడా చివర్లో 60 శాతమే అయితే చక్కెర తయారైంది గానీ గింజల్లో ఇరుక్కుపోయింది, ఫిల్టర్ కాఫీకి రెండో డికాషన్ తీసినట్టు స్పార్జ్ నిదానంగా చెయ్యి, నీళ్ళు ఒక్కసారే గుమ్మరించకు. ఆ నీళ్ళు 170 ఫారెన్‌హీట్ దాటనివ్వకు, పొట్టులోంచి వగరు దిగుతుంది.

వేడి వోర్ట్‌లో గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్ ముంచితే తక్కువ చూపిస్తుంది, దాని మీద రాసిన 60 లేదా 68 డిగ్రీలకి చల్లార్చాకే నమ్ము. ఇంట్లో ఒక పౌండు పొడి ఎక్స్‌ట్రాక్ట్ పెట్టుకో, 5 గ్యాలన్లలో 8, 9 పాయింట్లు పెంచుతుంది, తక్కువొచ్చిన రోజు బాయిల్‌లో కలిపెయ్. 80 శాతం కోసం పరిగెత్తకు, ప్రతిసారీ 65 వస్తే చాలు, దాన్ని బట్టి రెసిపీ రాసుకోవచ్చు. ఒకసారి 60, ఇంకోసారి 75 వచ్చేదే కష్టం, ఏ బీరు వస్తుందో చేసేవాడికే తెలీదు.

ప్రశ్న: న్యూజెర్సీ నుంచి అన్నా, మాల్ట్‌లో కొంత సోనా మసూరి వేయొచ్చా? ఎఫిషియెన్సీ పడిపోతుందా?

జవాబు: వేయొచ్చు, అమెరికన్ లాగర్ రకం బీర్లలో బియ్యం మామూలే. పచ్చి బియ్యం మాత్రం నేరుగా మ్యాష్‌లో పోయకు, 150 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర అది సరిగా ఉడకదు, ఉడకని పిండిపదార్థం మీద మాల్ట్ ఎంజైములు పని చేయలేవు, నీ ఎఫిషియెన్సీ అక్కడే పడిపోతుంది. మెత్తగా జావలా ఉడికించి, వేడి చూసుకుని మ్యాష్‌లో కలుపు. మొదటిసారి మొత్తంలో అయిదో వంతు దాటకు. ఉడికించడానికి పోసిన నీళ్ళు కూడా మ్యాష్ నీళ్ళ లెక్కలోంచే తీసెయ్యి.